మధ్యరంగము – కావేరీ జలపాతము

కావేరీనది తన ప్రయాణములో మూడుచోట్ల రెండు పాయలుగా చీలి, నడుమ ఒక్కొక్క ద్వీపమును నిలుపుచున్నది. ఆ మూడు ద్వీపములందును శ్రీరంగనాథుడు శేషతల్పముపై పవళించి యున్నాడు. మొదటిది మైసూరు చెంతనున్న శ్రీరంగపట్టణము, దానిని ఆదిరంగమందురు. చివరిది తిరుచిరాపల్లి చెంతనున్న శ్రీరంగము. అది అంత్యరంగము, నూటయెనిమిది దివ్యదేశములలో మొదట లెక్కింపదగినది. ఈ రెండింటి నడుమ కర్ణాటకములోనే శివనసముద్రమను ద్వీపము కలదు. అదియే మధ్యరంగము.

తెలుగుదేశము నుండి యాత్రకు బయలుదేరినవారు మొదటిదానిని, చివరిదానిని తప్పక సేవింతురు. నడిమిదానికి పోవువారును తక్కువమంది కారు. కాని వారిలో పెక్కుమంది పోవునది జలపాతమును చూచుటకు. చూచి, ఫొటోలు తీసికొని, చీకటి పడకముందే బెంగుళూరు దారి పట్టుదురు. అదే ద్వీపములో స్వామి పవళించి యున్నాడని కొందరికి తెలియదు. తెలిసినవారికి వ్యవధి యుండదు.

ఆ ఊరి పేరే చిత్రమైనది. శివనసముద్రమనగా కన్నడములో శివుని సముద్రమని అర్థము. శివుని పేరుగల సముద్రములో శేషశాయి పడుకొని యుండుట వినువారికి వింతగా తోచవచ్చును. ఆ ద్వీపములో సోమేశ్వరస్వామికిని ఆలయమున్నది. ఇరువురును ఒకే నీటి నడుమ ఇరుగుపొరుగు వారివలె నున్నారు. అక్కడివారికి ఇందులో వింతయేమియు కనబడదు.

జలపాతము చెంతకు పోవుటకు ముందు ఆ నీరు ఎచ్చటి నుండి వచ్చుచున్నదో తెలిసికొనుట మంచిది. కావేరి కొడగు సీమలో, బ్రహ్మగిరి కొండలలోని తలకావేరి యొద్ద చిన్న ఊటగా పుట్టినది. తులాసంక్రమణమునాడు అచటి కుండికలో నీరు ఉబికి వచ్చుటను కన్నులార చూడవలెనని వేలకొలది జనులు చేరుదురు. అక్కడ దోసిట పట్టదగిన ఆ నీరే హేమావతి, లక్ష్మణతీర్థము మొదలగు నదులను కలుపుకొని మైసూరు సీమలో మహానది యగుచున్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి కాలములో, 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగరము ఆనకట్టను దాటి, శ్రీరంగపట్టణమున ఆదిరంగని ప్రదక్షిణించి సాగును. తిరుమకూడలు నరసీపురమున కపిలానది వచ్చి కలియుచున్నది. కబిని యనునది దీనికే మరియొక పేరు. ఆ సంగమమున గుంజా నరసింహస్వామి వెలసియున్నాడు. ఇంకను దిగువకు పోగా తలకాడు. హొయసల విష్ణువర్ధనుడు చోళులను గెలిచిన పిమ్మట 1117 ప్రాంతమున ప్రతిష్ఠించిన కీర్తినారాయణస్వామి అక్కడ ఇసుకదిబ్బల నడుమ కొలువై యున్నాడు. ఇంతవరకును కావేరిది నెమ్మదైన నడక. వెడల్పైన ఇసుకతిన్నెలు, ఇరుగట్టుల వరిమళ్లు, చెరకుతోటలు, అక్కడక్కడ స్నానఘట్టములు. ఈ నది ఇంకొకచోట గర్జించుననిన నమ్మబుద్ధి కాదు.

తలకాడు దాటిన తరువాత నేల స్వభావము మారును. ఇచటితో మైసూరు పీఠభూమి అంచు వచ్చుచున్నది. ఇసుకకు బదులు రాతిపరుపులు, గుండ్లు, వానినడుమ పొదలు కనబడును. నది రెండుగా చీలి సుమారు మూడు మైళ్ల పొడవున ద్వీపమును చుట్టి, రెండు పాయలును వేరువేరుగా లోయలోనికి దుముకుచున్నవి. పడమటి పాయ దుముకుచోటు గగనచుక్కి. తూర్పు పాయ దుముకుచోటు భరచుక్కి. కన్నడములోని ‘చుక్కి’ మన ‘చుక్క’కు తోబుట్టువు. గగనచుక్కి యనగా ఆకాశపు చుక్క యన్నమాట. అంత ఎత్తునుండి రాతికి తగిలి చెదరిన నీటిబొట్లు ఎండలో మెరయుచు పైకి లేచుటను చూచినవారికి ఆ పేరు అతిశయోక్తి యనిపించదు.

గగనచుక్కి ఎత్తు సుమారు 90 మీటర్లు. భరచుక్కి అంతకు తక్కువ, సుమారు 70 మీటర్లు. ఈ అంకెలవలన తెలియునది స్వల్పము. వర్షకాలమున కృష్ణరాజసాగరము నుండియు కబిని ఆనకట్ట నుండియు నీరు విడిచినప్పుడు చూడవలెను. గగనచుక్కిలో నీరు ఇరుకైన రాతిసందులలో కుక్కుకొని, తెల్లని స్తంభములవలె నిట్టనిలువున పడును. అడుగుభాగము కనబడదు, అక్కడ నుండునది నీరో పొగయో తెలియరాదు. మళవళ్లి వైపు నది కావలిగట్టున నిలిచి, లోయకు అడ్డముగా చూచిన గాని దీని పూర్ణరూపము తెలియదు. ప్రక్కవాడు చెప్పుమాట వినబడదు. భరచుక్కి తీరు వేరు. అది ఒకచోట పడదు. కొండఅంచు వెంబడి అర్ధచంద్రాకారముగా పదులకొలది ధారలై, తెరవలె జారును. మొదటిదానిని చూచిన భయము కలుగును. రెండవదానిని చూచిన కూర్చుండబుద్ధి యగును. ఎండ వీపున పడునట్లు నిలిచినవారికి తుంపరలలో ఇంద్రధనుస్సు కనబడును.

ఇంతటి ఘోషకు కూతవేటు దూరమున కాకున్నను, అదే ద్వీపములో, స్వామి కన్నులు మూసికొని యున్నాడు. మధ్యరంగని జగన్మోహన రంగనాథుడందురు. ఆయనను నవయౌవనమూర్తిగా భక్తులు భావింతురు. ఆలయము శ్రీరంగమువలె సప్తప్రాకారములతో నొప్పునది కాదు, చిన్నది, నిశ్శబ్దమైనది. జలపాతమువద్ద వందలమంది యున్న దినమున కూడ ఇచట పదిమంది యుండుట అరుదు. ఇందులకు ఖేదపడువారు కలరు. కాని శ్రీరంగమున క్షణమాత్రము కూడ నిలువనీయని జనసమ్మర్దమును అనుభవించినవారికి, ఇచట తిరువడి మొదలు తిరుముడి వరకు తీరికగా సేవించుట గొప్ప లాభముగనే తోచును.

యోగనిద్ర యనునది మన నిద్రవంటిది కాదు. మన నిద్రలో మనకు లోకము తెలియదు. స్వామి యోగనిద్రలో లోకరక్షణమును గూర్చిన చింతయే తప్ప వేరొకటి లేదు. చిన్నబిడ్డ ప్రక్కన కన్నుమూసికొని పండుకొనిన తల్లిని తలచుకొనినచో ఇది బోధపడును. వీధిలో మేళము పోయినను ఆమె లేవదు. బిడ్డ కదలినచో లేచును. మధ్యరంగని దర్శించి బయటికి వచ్చిన భక్తుని చెవికి జలపాతపు ఘోష మునుపటివలె వినబడదు.

ఈ నీటికి మరియొక కథ కలదు. దానిని విడిచినచో ఇప్పటి శివనసముద్రము అర్థము కాదు. మైసూరు దివాను సర్ కె. శేషాద్రి అయ్యరుగారి కాలములో, ఈ జలపాతపు శక్తితో విద్యుత్తు పుట్టించుటకు పూనుకొనిరి. 1902లో విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించినది. దానిని చూచుటకు ఆయన లేరు, 1901లోనే గతించిరి. ఆ విద్యుత్తు మొదట పోయినది నగరముల దీపములకు కాదు, తొంబది మైళ్లకు పైబడిన దూరముననున్న కోలారు బంగారు గనులకు. ఆ గనులలో చీకటిలోనికి దిగి పనిచేసినవారిలో తమిళులతోపాటు తెలుగువారు అనేకులుండిరి. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది 1905లో. గనులు 2001లో మూతపడినవి. విద్యుత్కేంద్రము మాత్రము ఇప్పటికిని పనిచేయుచున్నది.

దీని ఫలితము యాత్రికునికి ప్రత్యక్షము. నదినుండి కాలువలద్వారా నీటిని ఆ కేంద్రమునకు మళ్లింతురు గనుక, వేసవిలో పోయినవారికి కొండకొమ్మున నల్లరాళ్లును, వానిపై రెండుమూడు సన్ననిధారలును మాత్రమే కనబడును. ‘ఇంతేనా’ యని నిరాశపడి తిరిగి వచ్చినవారు కలరు. నిజమునకు ఆ నీరు ఎక్కడికిని పోలేదు. ఎవరియింటనో దీపమై వెలుగుచున్నది. స్వామికి నివేదించిన అన్నము పదిమందికి చేరినచో గిన్నె ఖాళీ యైనదని చింతింపము గదా!

ఈ ద్వీపమున కోటకట్టి ఏలినవారు ఉమ్మత్తూరు ప్రభువులు. వీరిలో గంగరాజు విజయనగర చక్రవర్తిని ధిక్కరించెను. శ్రీకృష్ణదేవరాయలు పట్టాభిషిక్తుడైన కొలది కాలములోనే దక్షిణమునకు నడచి, ఉమ్మత్తూరు వారిని ఓడించి, శివనసముద్రము కోటను పట్టుకొనెను. 1512లో గంగరాజు కావేరిలోనే మునిగి మరణించెనందురు. ఆ రాయలే తరువాతి కాలమున ఆముక్తమాల్యదను తెలుగున రచించి, విలుబుత్తూరి గోదాదేవిని శ్రీరంగనాథుని సన్నిధికి చేర్చెను. మధ్యరంగమున కత్తితో ప్రవేశించినవాడు అంత్యరంగమునకు గంటముతో చేరినాడన్నమాట.

ఉమ్మత్తూరు వంశమునుగూర్చి స్థానికులు చెప్పుకొను కథ ఇంకొకటి కలదు. ఆ వంశమున నందిరాజను ప్రభువు ఏదో ఆచారదోషము చేసెనట. దానికి ప్రాయశ్చిత్తముగా భార్యతో కూడ గుఱ్ఱమునెక్కి, గగనచుక్కి కొమ్మునుండి ప్రవాహములోనికి దుమికించెనట. ఇది చరిత్రయా, కల్పనయా అను విచారము పండితులకు విడువవచ్చును. జలపాతమువద్ద నిలిచినవారికి ఎవరో ఒకరు ఈ కథను చెప్పుదురు. చెప్పునప్పుడు వారి గొంతులో కొంత గౌరవము ధ్వనించును. ఆ గౌరవమునే నిలిపి చూడవలసియున్నది. తప్పు చేసితినని కుమిలి, ఆ బరువును మోయలేక, దేహమునే పారవేయుట భక్తియగునా? ఎత్తైన చోట నిలిచి పడుచున్న నీటిని చూచునప్పుడు, లోపల బరువున్న మనిషికి అట్టి తలపు ఏ మూలనో కదలుట కలదు. కావున ఇది పాతకాలపు రాజులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. దీనికి ఉత్తరము వెదకుటకు దూరము పోనక్కరలేదు. జలపాతమునకు కొలదిదూరములోనే, కొళ్లెగాల వైపు, సత్తేగాల యను గ్రామమున్నది. పూర్వులు దానిని సత్యగాలమనిరి.

1323 ప్రాంతమున ఢిల్లీ సుల్తాను సైన్యము శ్రీరంగముమీద పడినది. ఆ ఆపదను గురుపరంపరా కథనములు కన్నులకు కట్టినట్లు చెప్పుచున్నవి. మూలమూర్తి కనబడకుండ సన్నిధికి అడ్డముగా రాతిగోడ కట్టిరి. వయోవృద్ధులైన పిళ్లైలోకాచార్యులు ఉత్సవమూర్తియైన నంపెరుమాళ్లను పల్లకిలో ఉంచుకొని దక్షిణదిశగా బయలుదేరిరి. ఆ శ్రమలో మధుర ప్రాంతమున జ్యోతిష్కుడిలో పరమపదించిరి. శ్రీరంగమున నిలిచినవారిలో సుదర్శనసూరి యొకరు. ఆయన శ్రీభాష్యమునకు తాము రచించిన శ్రుతప్రకాశికను, తమ ఇద్దరు కుమారులను వేదాంతదేశికులకు అప్పగించి, తాము అచటనే ప్రాణము విడిచిరి. దేశికులు ఆ రాత్రి ఆ గ్రంథముతోను బిడ్డలతోను శవములనడుమ శవమువలె పడియుండి, తెల్లవారినపిమ్మట పడమటి దారిని పట్టిరి. సత్యగాలమునకు చేరి అనేక సంవత్సరములు ప్రవాసములో గడపిరని సంప్రదాయము చెప్పుచున్నది.

రెండు శతాబ్దములకు పూర్వము చోళుని ఆగ్రహమునకు దూరముగా భగవద్రామానుజులును శ్రీరంగమును విడిచి ఈ కన్నడసీమకే వచ్చిరి. ఆయనకు తొండనూరు, మేలుకోట ఆశ్రయమిచ్చినవి. శ్రీరంగమునకు కష్టము వచ్చినప్పుడెల్ల ఆచార్యులకు కావేరి ఎగువభాగమే పుట్టినిల్లయినది.

ప్రవాసములోని దేశికులను ఒక్కసారి ఊహించుకొనవలెను. సాటి ఆచార్యులు హతులైనారు. ఉత్సవమూర్తి ఎచ్చటనున్నదో వార్త తెలియదు. తమకు ప్రాణములప్పగించిన మిత్రుని బిడ్డలు, ఆయన గ్రంథము తమ చేతిలో నున్నవి. ఎదుట కావేరి పారుచున్నది. తాము స్నానమాడిన నీరే ఈ కొండలు దాటి, కొన్ని దినములకు శ్రీరంగమును చేరును, తాము చేరలేరు. నీటికి లేని అడ్డు మనుష్యులకున్నది. వర్షకాలమున గాలి అనుకూలముగా నున్నప్పుడు జలపాతపు ఘోష ఆ ప్రాంతములకు వినబడుచుండవచ్చును. భారము మోయుచున్నవారిలో దేశికులను మించినవారెవరు? నందిరాజు మనస్సును కలచిన బరువు ఒక్కనిది. ఈయనది ఒక సంప్రదాయమంతటిది.

ఆ సత్యగాలములోనే దేశికులు అభీతిస్తవమును రచించిరని పెద్దలు చెప్పుదురు. అభీతి యనగా భయము లేకపోవుట. అది శ్రీరంగనాథునే ఉద్దేశించిన స్తోత్రము. అందులో ఆయన భయముగలవారికి నీవే దిక్కని స్వామిని వేడిరి. శ్రీరంగమునకు పట్టిన భయమును తొలగించి, అచటివారు మరల నిర్భయముగా వసించునట్లు చేయుమని ప్రార్థించిరి. కష్టకాలమున వైష్ణవగృహములలో ఈ స్తోత్రమును పారాయణము చేయుట నేటికిని కలదు. స్తోత్రము పలికి ఊరకున్నారా యనిన, అదియును కాదు. శ్రుతప్రకాశికను కాపాడిరి, శిష్యులకు బోధించిరి. ఆ గ్రంథము నేడు విద్యార్థుల చేతులలో నున్నదనిన ఆ కాపాడుటవలననే.

దేశికుల బోధలో ‘భరన్యాస’మను మాట ముఖ్యమైనది. ప్రపత్తికి అదియే ప్రాణము. న్యాసమనగా ఉంచుట, భరమనగా రక్షించుకొనవలసిన బాధ్యత. ‘నన్ను నేను రక్షించుకొనవలెను’ అను బరువును మోయుటకు శక్తిచాలని జీవుడు, ఆ బరువును మోయగల స్వామి పాదములవద్ద ఉంచుటయే భరన్యాసము. న్యాసదశకములో ఆయన దీనిని మూడుగా విప్పిరి: నేను నీవాడను అని స్వరూపమును అర్పించుట, నా రక్షణభారము నీదే యని భారమును అర్పించుట, ఆ రక్షణమువలన కలుగు ఫలమును నీదే యని అర్పించుట. భరచుక్కి యను పేరులోని భరశబ్దమునకును, ఈ భరమునకును శబ్దశాస్త్రరీత్యా సంబంధము కలదని చెప్పుటకు వీలులేదు. అయినను సత్యగాలము దారిన వచ్చి భరచుక్కి ముందు నిలిచిన ప్రపన్నునికి ఆ మాట చెవినిబడిన, ఈ మాట తలపునకు రాక మానదు. తలపునకు వచ్చినచో దోషమేమియు లేదు.

ఇచట గమనింపవలసినది, పారవేయుటకును ఉంచుటకును గల భేదము. నందిరాజు పారవేసినది దేహమును. భారము ఆయనతోనే పోయినది, ఎవరికిని అప్పగింపబడలేదు. ప్రపన్నుడు ఉంచునది భారమును. దేహము ఆతనివద్దనే యుండును, కైంకర్యమునకు పనికివచ్చును. ప్రపన్నులలో ఆర్తుడని, దృప్తుడని రెండు విధములవారు కలరు. సంసారములో ఒక్కక్షణమైనను ఓర్వలేక వెంటనే విడుదల కోరువాడు ఆర్తుడు. ఈ దేహము ముగియువరకు వేచియుండుటకు అంగీకరించినవాడు దృప్తుడు. ఆర్తుడు సహితము స్వామిని అడుగును గాని తన చేతులతో తాను ముగించుకొనడు. అట్లు ముగించుకొనుటలో ‘నా దేహము నాది’ అను అహంభావమే మిగిలియున్నది. స్వామిసొత్తును స్వామికి చెప్పక చెరచినట్లగును. తప్పు చేసినవాని సంగతి యేమి యనిన, దానికిని మార్గము చూపియే యున్నారు. ప్రపత్తికి అంగములైన అయిదింటిలో కార్పణ్యమొకటి. తన అశక్తతను దాచక ఒప్పుకొనుట. మహావిశ్వాసమొకటి, ఎంత తప్పు చేసినవానినైనను స్వామి చేపట్టునను దృఢనమ్మకము. నందిరాజుకు మొదటిది నిండుగా నుండెను; రెండవదానిని చెప్పువారు ప్రక్కన లేకపోయిరి. అట్టి బరువుతో కుములుచున్నవారు ఇంటిలోనున్నచో, వారిని ఒంటరిగా విడువక, ఆ రెండవ మాటను చెప్పుట బంధువులయొక్కయు, భాగవతులయొక్కయు విధి.

ఇక యాత్రాక్రమము. బెంగుళూరునుండి మద్దూరు మీదుగా గాని, కనకపుర మీదుగా గాని మళవళ్లి చేరి, అచటినుండి శివనసముద్రమునకు పోవచ్చును. మైసూరునుండి వచ్చువారు తిరుమకూడలు నరసీపురము, తలకాడు చూచుకొని వచ్చినచో నదిని దాని క్రమములో అనుసరించినట్లగును. జూలై మొదలు అక్టోబరు వరకు నీరు సమృద్ధి. ఎప్పుడు పోయినను ముందు ఆలయమునకు పోయి, తరువాత జలపాతమునకు పోవుట యుక్తము. చిన్న ఆలయములలో మధ్యాహ్నము తలుపులు మూయుదురు. జలపాతమునకు తలుపులు లేవు. ద్వీపమునకు పూర్వము రాతిస్తంభముల వంతెనలపై పోయెడివారు. వానిని 1830 ప్రాంతమున రామస్వామి మొదలియారు అను జాగీర్దారు కట్టించెను. వానిలో నొకటి 2018 వరదలో కొంతభాగము కొట్టుకొనిపోయినది. దాదాపు రెండు శతాబ్దములు ఆ ప్రవాహమునకు నిలుచుటయే విశేషము.

జలపాతమువద్ద పుణ్యస్నానము చేయవలెనని పట్టుపట్టువారు కొందరుందురు. అది తగదు. ఎగువ ఆనకట్టలలో నీరు విడిచినప్పుడు ఇచట ఎండకాయుచుండగనే ప్రవాహము పెరుగును. పాచిపట్టిన రాళ్లు జారును. ప్రాణములు కోల్పోయినవారున్నారు. భరచుక్కివద్ద క్రిందికి దిగుటకు మెట్లున్నవి. వరదకాలమున వానిని మూయుదురు. పుట్టి ఎక్కదలచినవారు పుట్టివాడు వద్దన్న దినమున బ్రతిమాలరాదు. స్నానము చేయదలచినవారు తలకాడులోనో, నరసీపురపు సంగమములోనో స్నానఘట్టమున చేసిరావచ్చును. ఇచట గట్టున నిలిచి గోవిందనామముతో తుంపరను శిరమున ధరించిన చాలును. శ్రద్ధతో చేసిన ప్రోక్షణమును శాస్త్రము తక్కువ చేయలేదు. మెట్లు దిగలేని పెద్దలు పైనుండియే రెండు జలపాతములను చూడవచ్చును.

సూర్యోదయమునుండి సూర్యాస్తమయములోగా మూడు రంగములను సేవించినచో మోక్షమను నమ్మకము వ్యాప్తిలోనున్నది. ఇప్పటి రహదారులపై కారులో అది సాధ్యమే, చేయువారును పెక్కుమంది. కాని అట్టి యాత్రలో మధ్యరంగమునకు దొరకునది అరగంట. డ్రైవరు గడియారము చూచుచుండును. జలపాతమో స్వామియో, ఏదో ఒకటి తప్పిపోవును. వీలున్నవారు ఒక పూట నిలుచుట మేలు. సత్తేగాలకు పోయి దేశికులు వసించిన ఊరిని చూచుటకు కూడ అప్పుడే అవకాశము.

జలపాతము దిగిన పిమ్మట రెండు పాయలును కలిసి, కావేరి అడవికొండలనడుమ మేకెదాటు ఇరుకున దూరి, హొగెనక్కల్ వద్ద మరల దుమికి, మెట్టూరు ఆనకట్టను దాటి, తమిళదేశపు మైదానములో శాంతించుచున్నది. శ్రీరంగమునకు ఎగువను ముక్కొంబు వద్ద అది కావేరి, కొల్లిడము అని రెండుగా చీలును. అచట 1830 దశకములో కొల్లిడముపై ఆనకట్ట కట్టినవారు, తరువాత మన ధవళేశ్వరము కట్టిన ఆర్థర్ కాటన్ దొరగారే. ఆ రెండు పాయల నడుమ శ్రీరంగము.

దేశికుల ప్రార్థన ఫలించుటకు చాల కాలము పట్టినది. నంపెరుమాళ్లు ఊరూరు దాటి తిరుమల చేరి, చిరకాలము శ్రీనివాసుని సన్నిధిలో నుండిరి. తిరుమల ఆలయములోని రంగనాయకుల మండపము ఆ నివాసమునకు గుర్తు. 1371లో విజయనగర సేనాని గోపణార్యుడు ఆ మూర్తిని సెంజి ప్రాంతముమీదుగా కొనివచ్చి శ్రీరంగమున మరల వేంచేపు చేయించెను. ఆ సంగతిని తెలుపు శ్లోకములు శ్రీరంగము ఆలయపు గోడపై చెక్కబడియున్నవి. వానిని దేశికుల రచనగా సంప్రదాయము గౌరవించుచున్నది.

శ్రీరంగమున స్వామి తిరుమంజనమునకు సంవత్సరమంతయు కొల్లిడమునుండి వెండిబిందెలలో నీరు తెత్తురు. తులామాసమున మాత్రము క్రమము మారును. ఆ నెలరోజులును ప్రతిదినము ప్రాతఃకాలమున అర్చకులు అమ్మమండపము రేవునకు పోయి, కావేరినీటిని బంగారుబిందెలో నింపి, ఏనుగుపై నుంచి, మేళతాళములతో సన్నిధికి కొనివత్తురు. తలకావేరిలో ఉబికి, ఆదిరంగని చుట్టి, మధ్యరంగము దాటి గగనచుక్కిలోను భరచుక్కిలోను పడిన నీరే అది.